ఎరుకయు నమ్మికయు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల సాక్ష్యము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో తెలియదనుటకు "ఎరుక లేదు" అందురు. దారి అడిగినను, ధాన్యము ధర అడిగినను, ఫలానివాడు ఊరిలో ఉన్నాడా అని అడిగినను అదే మాట. ఈ మాటయే మరి రెండు చోట్ల వేరు బరువుతో వినబడును. బుట్ట చంకనిడుకొని వచ్చు ఎరుకలసాని వీధిలో నిలిచి ఎరుక చెప్పుదునని పిలుచును. అచ్చట ఎరుక యనగా కానరానిదానిని కనుట. రాత్రివేళ తంబుర మీటుచు తత్త్వములు పాడు వృద్ధుడు ఎరుకయే సకలబంధములకును మూలమని, దానిని విడిచినగాని మనుజునకు గతి లేదని పాడును. అచ్చట ఎరుక యనగా "నేనున్నాను" అని తనకు తాను తెలియుట. లోకజ్ఞానమునకు, దైవవాణికి, ఆత్మబోధకు ఈ ప్రాంతీయులు ఒకే మాటను వాడుచున్నారు.

మనుష్యుడు తన్ను తాను ఎరుగుటకును, దేవుని నమ్ముటకును గల సంబంధమెట్టిది? మొదటిదానినుండి రెండవది పుట్టినదా? లేక రెండవదాని చేతిలో మొదటిది రూపుదిద్దుకొన్నదా? ఈ ప్రశ్నను సామాన్యముగా తత్త్వశాస్త్రజ్ఞులకు వదలివేయుదుము. దీనిని చరిత్రదృష్టితో, ఒక్క సీమకు పరిమితము చేసి పరిశీలింపదలచితిమి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డయు, కృష్ణకు ఉత్తరమునగల వనపర్తి మైదానమును, నల్లమల అంచులవరకు వ్యాపించిన నాగర్‌కర్నూలు ప్రాంతమును మా పరిధి. 2016 లో మూడు జిల్లాలుగా ఏర్పడుటకు పూర్వము ఇవి మహబూబునగరు జిల్లాలో భాగములు. అడవిలో వేటాడి దుంపలు త్రవ్వి జీవించిన జనమును, వేయేండ్లకు పైబడిన శైవక్షేత్రమును, పండితులను పోషించిన సంస్థానములును, గుడియే అక్కరలేదన్న గురుపరంపరయు ఒక జిల్లాలో ఒకదానినొకటి అంటియుండుట అరుదు.

ముందుగా ప్రచారములోనున్న సిద్ధాంతమును చెప్పవలెను. లుడ్విగ్ ఫాయర్‌బాఖ్ అను జర్మను తాత్త్వికుడు 1841 లో క్రైస్తవమత సారమును గూర్చి గ్రంథము వ్రాసి, మనుష్యుడు తన స్వభావమునే తనకు వెలుపల నిలిపి దానికి దేవుడని పేరిడినాడని వాదించెను. దేవుని తెలిసికొనుట యనగా మనుష్యుడు తన్ను తాను తెలిసికొనుటయే యని ఆయన తాత్పర్యము. 1871 లో ఎడ్వర్డ్ టైలరు "ప్రాచీన సంస్కృతి" యను గ్రంథమున మరియొక త్రోవ త్రొక్కెను. నిద్రించినవాడు కలలో తిరిగి వచ్చుచున్నాడు. చచ్చినవాడు కలలో కనబడుచున్నాడు. కావున దేహమునకు వేరుగా ఆత్మ యొకటి కలదని ఆదిమానవుడు ఊహించెననియు, ఆ ఊహనుండి భూతములు, దేవతలు, తుదకు దేవుడు వెలసిరనియు ఆయన మతము. 1925 లో మాలినోవ్‌స్కీ మతమునకు గల మూలములన్నిటిలో మరణము ప్రధానమనెను. ఈ మువ్వురి మార్గములు భిన్నములైనను అందరు నిలుచుచోటు ఒక్కటే. మనుష్యునకు "నేను" అను ఎరుక కలిగెను. నేను చావవలసినవాడనను ఎరుక దాని వెంట వచ్చెను. ఆ భారమును మోయలేక దైవమును కల్పించుకొనెను. మన తరగతి గదులలో కూడ మతోత్పత్తిని గూర్చి చెప్పవలసివచ్చినపుడు ఇదియే చెప్పుచున్నాము. మేమును చాలకాలము దీనిని సందేహింపలేదు.

సందేహము కలిగినది అమ్రాబాదు చెంచులను గూర్చి చదివిన పిమ్మట. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940 లో నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, 1943 లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ పీఠభూమి నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. చెంచులు పెంటలనబడు చిన్న చిన్న నివాసములలో ఉండిరి. కర్రతో త్రవ్విన దుంపలు, అడవిపండ్లు, తేనె, అపుడపుడు విల్లంబులతో కొట్టిన వేట, ఇవి వారి ఆహారము. వారి మాతృభాష తెలుగు. ఇది మనకు కలిసివచ్చిన సంగతి. ఏలయనగా వారి దేవతల పేర్లు, ప్రాణమునకు వారు వాడు మాట, దుభాషి అవసరము లేకయే మనకు తెలియును.

వారి నిత్యజీవితములో ముఖ్యమైన దేవత గారెలమైసమ్మ. ఆమె అడవికి, అందలి మృగములకు ఏలిక. వేట దొరకిన యెడల అందొక ముక్కను కాల్చి ఆమెకు సమర్పింతురు. పిమ్మటనే తాము తిందురు. రెండవవాడు భగవంతరు. ఆయన ఆకాశమున ఉండును. ఉరుములును వర్షమును ఆయన అధీనము. జీవము ఆయననుండి వచ్చినది, ఆయనయొద్దకే పోవునని చెప్పుదురు. కాని ఆ పోవు జీవమునకు అచ్చట ఏమి జరుగునను విషయమున వారికి ఆసక్తి స్వల్పము. మంచివానికి ఒక లోకము, చెడ్డవానికి వేరొక లోకము అను విభాగమును వారు పట్టించుకొనలేదు. 1967 లో ప్రకటించిన "నీతియు పుణ్యమును" అను గ్రంథమున హైమెండార్ఫ్ ఈ అంశమును ప్రత్యేకముగా విచారించి, చెంచుల నీతివర్తనకు దైవశిక్షాభయము ఆధారము కాదని నిర్ణయించెను. తగవు వచ్చిన పెంటలోనివారే నచ్చచెప్పుదురు. పొసగనివాడు భార్యాబిడ్డలతో మరియొక పెంటకు పోవును. దేవత ఆ జోలికి రాదు.

ఇచ్చట ఒక ప్రశ్న తప్పదు. చెంచులకు "నేను" అను ఎరుక కొరతపడినదా? పూర్వపు పాశ్చాత్య గ్రంథకర్తలలో కొందరు ఆటవికునకు వ్యక్తిత్వస్పృహ ఉండదని, వాడు గుంపులో కరగిపోయి ఉండునని వ్రాసిరి. అమ్రాబాదు వృత్తాంతము అందుకు పూర్తిగా విరుద్ధము. వయసు వచ్చిన ప్రతి చెంచుయు తన ఇష్టమువచ్చిన పెంటలో ఉండవచ్చును. భర్త వస్తువులు భర్తవి, భార్య వస్తువులు భార్యవి. ఒకరి మాట ఒకరు వినవలెనను నిర్బంధము స్వల్పము. మైదానములో జమీనుకు, కులమునకు, అప్పునకు కట్టుబడిన కాపుకంటె అడవిలోని చెంచుకే "నేను" అను మాట పలుకు హక్కు ఎక్కువగా ఉన్నదని చెప్పవచ్చును. మరణమును వారు ఎరుగుదురు. చచ్చినవారిని పూడ్చి, దినము చేయుదురు. తన్ను తాను ఎరిగినవాడు, చావును ఎరిగినవాడు, దేవతను నమ్మినవాడు. ఐనను వాని దేవత వాని చావునుండి పుట్టలేదు. ఆమె వాని ఆకలికి, అడవికి సంబంధించినది.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు. మైసమ్మ తెలంగాణపు పల్లెలన్నిట ఉన్న దేవత; లింగమయ్య శైవుల దేవుడు; భగవంతరు అను పేరే సంస్కృతభవము. చెంచుల మతము ఎరువు తెచ్చుకొన్నది కాన దానినిబట్టి సిద్ధాంతము చేయరాదని కొందరనవచ్చును. ఎరువు నిజమే. మా వాదమునకు ఆ ఎరువే బలము. పొరుగువారినుండి వారు మైసమ్మను గ్రహించిరి, లింగమయ్యను గ్రహించిరి. చైత్రమాసమున పూర్ణిమకు సలేశ్వరపు లోయలో జరుగు జాతరలో లింగమయ్యకు పూజారులు నేటికిని చెంచులే. కాని అదే పొరుగువారియొద్దనున్న యమలోకమును, పాపపుణ్యముల లెక్కను అట్లు తమవి చేసికొనలేదు. ఏది తీసికొనిరో, ఏది విడిచిరో చూచిన యెడల వారి అవసరమేమో తెలియును. మరియొక జాగ్రత్త చెప్పవలెను. చెంచులు ఆదిమానవుని నమూనాలు కారు. 1940 నాటి చెంచు 1940 నాటి మనుష్యుడే. మతము మొట్టమొదట ఎట్లు పుట్టెనో వారినిబట్టి చెప్పుటకు మేము సాహసింపము. ఆత్మస్పృహయు మరణజ్ఞానమును ఉన్నచోట అవే మతమునకు కేంద్రమగునను నియమము లేదనుటకు మాత్రము ఈ సాక్ష్యము చాలును.

అడవినుండి మైదానమునకు దిగుటకు మనకు పూర్వులు వేసిన త్రోవ కలదు. శ్రీశైలమునకు నాలుగు ద్వారములని ప్రసిద్ధి. అందు ఉత్తరద్వారము అచ్చంపేట చేరువ కొండలలోని ఉమామహేశ్వరము. పశ్చిమద్వారము తుంగభద్రా తీరమునందలి అలంపురము. చెంచుల అడవులగుండ నడచిన యాత్రికులు ఈ ద్వారములగుండ వచ్చినవారే. మల్లన్న చెంచుపిల్లను వలచి పెండ్లాడెనను కథయు ఆ త్రోవలో నడచినదే. చెంచులు ఆయనను అల్లుడనుటయు అందుచేతనే.

అలంపురమున మొదట చూడవలసినది నవబ్రహ్మల గుడులని అందరు చెప్పుదురు. మేము మొదట పురావస్తు ప్రదర్శనశాలలోని ఒక్క శిల్పమును చూడుడందుము. అది ప్రసవించు భంగిమలో కాళ్లు మడచి వెల్లకిల పరుండిన స్త్రీమూర్తి. దేహము సంపూర్ణముగా ఉన్నది. తల ఉండవలసినచోట విరిసిన పద్మమున్నది. పండితులు ఈ జాతి విగ్రహములను లజ్జాగౌరి యందురు. స్టెల్లా క్రామ్‌రిష్ 1956 లో ఈ అలంపుర విగ్రహమునుగూర్చియే ప్రత్యేకముగా వ్యాసము వ్రాసి, ఋగ్వేదములోని అదితి, ఉత్తానపాద అను భావములతో దీనిని సమన్వయించెను. ఆమె పాండిత్యము గొప్పది. కాని సంతానము కోరి ఇట్టి మూర్తులను కొలిచిన స్త్రీలకు ఆ వేదనామముతో పనిలేదు. ముఖము లేని దేవత ఎవరిని చూడదు, ఎవరి నడవడిని లెక్కింపదు, కనును, ఇచ్చును. నల్లమల మృగములకు ఏలికయైన గారెలమైసమ్మకును ఈ పద్మముఖికిని చరిత్రలో సంబంధముండెనని మేము చెప్పము. రెండిటి నమ్మికయు ఒక జాతిది. అందు భక్తుని "నేను" పెద్దగా పనిచేయదు.

ఆ పక్కనే నవబ్రహ్మాలయములు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మలని పేర్లు. లోపల ఉన్నవి శివలింగములు. బాదామి చాళుక్యుల కాలమున, ఏడు ఎనిమిది శతాబ్దులలో వీటిని నిర్మించిరి. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని (క్రీ.శ. 681–696) కాలమునాటిదని అందలి శాసనమును బట్టి చెప్పుదురు. తరువాతి కాలమున ఈ క్షేత్రము శైవమఠములకు, ఆచార్యులకు నిలయమాయెను. పాశుపతుల పరిభాషలో జీవునకు పశువని పేరు, వాని కట్టు పాశము, విడిపించువాడు పతి. ఈ మూడు మాటలతో మతము దిశ మారినది. భక్తుడు ఇప్పుడు దేవునియొద్దకు వేటమాంసము కొరకో బిడ్డ కొరకో మాత్రమే పోవుటలేదు. నేను కట్టబడియున్నాను, ఈ నన్ను విడిపింపుమని పోవుచున్నాడు. "నేను" అనునది ప్రార్థించు నోరు మాత్రమే కాక, ప్రార్థనకు విషయము కూడ ఐనది.

ఈ మార్పునకు కారణము మఠములలోని చింతన మాత్రమేనా? శాసనములను చదివినవారికి మరియొక కారణము తోచును. ఇతర సీమలయందువలెనే ఈ సీమలోను దానశాసనమున కొన్ని భాగములు తప్పక ఉండును. దాత పేరు, వంశము, భూమి ఎల్లలు, తల్లిదండ్రులకు పుణ్యముగా ఇచ్చితినను మాట, తుదకు ఈ భూమిని అపహరించినవాడు అరువదివేలయేండ్లు పురుగై పుట్టునను శాపము. శాపవాక్యమును మనము లిపి పరిశీలించి, పాఠము సరిచూచుకొని, పరిచిత విషయముగదా యని దాటివేయుదుము. దానియొద్ద ఒక్క క్షణము నిలువవలెను. అరువదివేలయేండ్లు శిక్ష అనుభవించుటకు అరువదివేలయేండ్లు నిలిచియుండు "నేను" ఒకటి కావలెను. నేడు హద్దురాయి జరపినవాడును, రేపు పురుగుగా పుట్టువాడును ఒక్కడే యను నమ్మకము లేనిదే ఆ శాపమునకు పదును లేదు. పుణ్యము విషయమున కూడ అంతే. ఇచ్చినవాడు ఒకచోట, ఫలము పొందు తల్లిదండ్రులు మరియొకచోట. వారి నడుమ లెక్క చెడకుండవలెను.

రాజభటుడు కాపలాకాయలేని భూమికి ఆ దీర్ఘజీవియైన ఆత్మ కాపలా కాచెను. చెంచులకు భూమి హద్దులు లేవు. వారు పురుగై పుట్టువానిని కల్పింపలేదు. కేవలము ఆర్థికకారణమే మతమును నడిపించుననుట మా ఉద్దేశము కాదు. పాశుపతుని దుఃఖము నిజమైన దుఃఖమే. కాని మరణానంతరము కూడ చెక్కుచెదరని "నేను" అను భావము ఇచ్చట గ్రామగ్రామమునకు వ్యాపించుటకు శాసనముల భాష తోడ్పడెననుటలో మాకు సందేహము లేదు. అనగా ఆత్మస్పృహ మతమును కల్పించెను అనుటకంటె, మతము ఆత్మస్పృహను ఒక ప్రత్యేకరీతిని దిద్దినదనుట ఈ సీమ చరిత్రకు తగియున్నది.

జైనమును గూర్చి ఒక్క మాట. నాగర్‌కర్నూలు చేరువనున్న నందివడ్డెమాను పూర్వనామము వర్ధమానపురము. గోన వంశీయుల ఏలుబడికి అది కేంద్రము. రంగనాథ రామాయణకర్తగా ప్రసిద్ధికెక్కిన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడు. ఊరిపేరు మాత్రము మహావీర వర్ధమానునిది. జైనులు ఆత్మను అంగీకరించి సృష్టికర్తను నిరాకరించినవారు. ఆత్మస్పృహ ఎంత తీక్ష్ణముగా ఉన్నను దేవుని చేరకయే నిలువవచ్చునని చూపిన మతము పేరును ఆ ఊరు మోయుచున్నది. నేడు అచ్చటికి జనులు వచ్చునది శనేశ్వరుని దర్శనమునకు.

టైలరు చెప్పిన కలను గూర్చియు ఇచ్చటనే చూడవచ్చును. వనపర్తి సంస్థానాధీశులు పదునెనిమిదవ శతాబ్దిలో శ్రీరంగాపురమున రంగనాయకస్వామికి ఆలయము కట్టించిరి. స్థలకథ మాత్రము కృష్ణదేవరాయలకు స్వామి కలలో కనబడి విగ్రహమున్న చోటు తెలిపెననియు, గరుడపక్షి దారిచూపెననియు చెప్పును. కథలోని రాజునకును కట్టడపు కాలమునకును పొత్తు కుదరదు. స్థలపురాణములకు అది సహజమే. గమనింపదగినది కల చేసిన పని. కలగన్నవాడు దానినిబట్టి తనలో ఆత్మ యొకటి కలదని అనుమానింపలేదు. కల ఒక జాబు. అది చెప్పినచోటికి పోయి చూచిరి. తెలుగునాట గుడులకు సంబంధించిన కలలు చాలవరకు ఇట్టివే. టైలరుగారి ఆదిమానవుడు నిద్రలేచి తర్కము చేసెను. మన కథలలోని రాజు నిద్రలేచి ప్రయాణము కట్టెను.

ఇంతవరకు చూచినవన్నియు నమ్మిక పక్షమునవి. ఎరుక తిరుగబడి నమ్మికను ప్రశ్నించిన సందర్భము ఈ సీమలో కలదు, అదియు పండితసభలకు వెలుపల. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యని పేరు. కార్తికమాఘములలో పండితులు వచ్చి శాస్త్రార్థములు చెప్పి సత్కారములు పొందెడివారు. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములును ఇందుకు తీసిపోలేదు. ఆ సభలలో జీవేశ్వరుల భేదాభేదములు ఎంత సూక్ష్మముగా చర్చింపబడినను, చర్చ సంస్కృతములో, వినువారు కొలదిమంది. అదే ఊళ్లలో పగలు మగ్గమునొద్దను పొలమునను శ్రమించినవారు రాత్రి ఒకచోట కూడి, అదే ప్రశ్నను తెలుగులో తంబురాతాళములతో విచారించిరి. దానికి అచలసిద్ధాంతమని పేరు. అచల పరిపూర్ణ రాజయోగమనియు అందురు. పదునెనిమిదవ శతాబ్దిలోని శివరామదీక్షితులను ఈ పరంపర తన ముఖ్యగురువులలో ఒకనిగా చెప్పుకొనును. తెలంగాణమున, విశేషించి పాలమూరు పల్లెలలో, కులభేదము పాటింపక గురుశిష్యులైన వారివలన ఇది నిలిచినది. కందార్థములు, దరువులు, తత్త్వములు దీని వాఙ్మయము.

అచలము చెప్పునది సంగ్రహముగా ఇది. ఉన్నది బయలు, అది నిండినది, కదలనిది, తెలియునది గాని తెలియబడునది గాని కాదు. అందు మూలములేకయే ఎరుక తోచినది. ఎరుక తోచిన వెంటనే నేను అనునది, నేను కానిదైన జగత్తు, ఈ రెండిటిని నడపు ఈశ్వరుడు, మూడును ఒక్కమారుగా తోచినవి. కలలో కలగన్నవాడును, ఊరును, ఊరి దొరయు ఒకేసారి పుట్టునట్లు. కావున దేవుడు ఎరుకలోని వాడు. ఎరుక పోయిననాడు జీవునితోపాటు దేవుడును పోవును. అద్వైతమునకును దీనికిని గల భేదము ఇచ్చట తేటపడును. అద్వైతి జ్ఞానమే బ్రహ్మమని, తన్ను తాను తెలిసికొనుటయే మోక్షమని చెప్పును. అచలుడు ఆ బ్రహ్మమును కూడ ఎరుకలో చేర్చి దానిని గూడ విడువుమనును. గురువు శిష్యునకు మంత్రములను వరుసగా ఉపదేశించి, పిమ్మట అవియును ఎరుకకు సంబంధించినవేనని తానే త్రోసిపుచ్చును.

ఫాయర్‌బాఖును ఇప్పుడు తిరిగి తలచుకొందము. దేవుడు మనుష్యుని ఆత్మస్పృహ కల్పించినవాడని ఆయన 1841 లో వ్రాసిన మాటను, జర్మను దేశపు పేరు వినని తెలుగు గురువులు అంతకు ముందునుండియే బోధించుచుండిరి. పోలిక ఇంతవరకే. ఫాయర్‌బాఖ్ దేవుని తీసివేసి ఆ పీఠముపై మనుష్యుని కూర్చుండబెట్టెను. దేవునికిచ్చిన ప్రేమయు గౌరవమును ఇక మనుష్యునకు చెందవలెననెను. అచలగురువు పీఠమునే ఒప్పుకొనడు. దేవుని కల్పించిన ఎరుకకు తాను కల్పించినదానికంటె ఎక్కువ సత్యమెక్కడిది? నీడను నమ్మవద్దని చెప్పి, నీడను వేయు దీపమునకు మ్రొక్కుట ఎందులకని ఆయన ప్రశ్న. ఐరోపాలో మతవిమర్శ చేసినవారిలో పెక్కుమంది "నేను" అనుదానిని గట్టినేలగా తీసికొని దానిపై నిలిచి దేవుని పరీక్షించిరి. ఆ నేలను కూడ పరీక్షకు పెట్టిన ధైర్యము మన పల్లెలలోని నిరాడంబరులకు కలిగెను. ఈ విషయమున అచలమే ఎక్కువ తర్కశుద్ధి గలదని మా అభిప్రాయము. దానిని ఒప్పుకొని జీవించుట సాధ్యమా యనునది వేరు ప్రశ్న.

ఆ వేరు ప్రశ్నకు సమాధానము అచలాశ్రమములలోనే దొరకును. గురువు గతించిన పిమ్మట శిష్యులు సమాధి కట్టిరి. ఏటేట ఆరాధనోత్సవము చేయుదురు. దీపము వెలిగింతురు, ప్రసాదము పంచుదురు. విగ్రహము వలదన్న గురువునకు పూలమాల వేయుదురు. దీనిని చూచి నవ్వువారు కలరు. మేము నవ్వలేము. వాదముచేత దేవుడు తొలగిన చోటును కృతజ్ఞత నింపెను. కృతజ్ఞతకు ఒక చోటు, ఒక తిథి, నలుగురితో కలిసి తినుటకు ఇంత అన్నము కావలెను. వేటలో మొదటి ముక్కను గారెలమైసమ్మకిచ్చిన చెంచును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ నమ్మికకు సిద్ధాంతము ఆధారము కాదు గనుక సిద్ధాంతము దానిని చెరపలేకపోయినది.

ఎరుకకు మరియొక రూపము కలదు. అది ఒక్కని "నేను" కాక ఒక జనసమూహము తన్ను తాను తెలిసికొనుట. ఇందుకు ఈ సీమయే ఒక పురుషుని ఇచ్చినది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896 లో నడిగడ్డలోని బోరవెల్లిలో జన్మించిరి. 1926 లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నిజామురాష్ట్రమున తెలుగుకవులు లేరన్న మాటకు సమాధానముగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934 లో వెలువరించిరి. 1952 లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, మరుసటి యేడు కీర్తిశేషులైరి. 1949 నాటి వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. మన విషయమునకు అంతకంటె ముఖ్యములు హిందువుల పండుగలు, రామాయణ విశేషములు అను రెండు గ్రంథములు. పండుగలను పరిహసించుటకు వ్రాసినవి కావవి. మనము చేయు పండుగ ఎప్పటిది, ఏ ఋతువును బట్టి వచ్చినది, ఏ కథ దానికి తరువాత తగిలినది, రామకథ ఏ యే రూపములలో మన చేతికి వచ్చినది అని విచారించినవి. అచలగురువు నమ్మికను ఎరుకయొక్క కల అనెను. ప్రతాపరెడ్డిగారు అదే నమ్మికకు పుట్టినతేదీ, పెరిగినయూరు వెదకిరి. ఇద్దరికిని నమ్మిక మానవకృతమే. మొదటివాడు కనుక విడువుమనెను. రెండవవారు కనుక ఎరిగి చేసికొనుడనిరి. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె జనుల కూడుగుడ్డలకు, ఆటలకు, మ్రొక్కుబళ్లకు ఎక్కువ చోటు దొరకుటకు ఈ దృష్టియే కారణము.

పరిశోధకులమైన మన వంతు ఒకటి కలదు. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయసాహిత్యముపై పరిశోధన చేసినప్పటినుండి తత్త్వములకు విశ్వవిద్యాలయములలో చోటు దొరకినది. అది మహోపకారము. కాని వాటిని గేయములుగా మాత్రమే తీసికొన్నందువలన వరుసను, రాగమును, పల్లవిని పట్టించుకొని, అందలి వాదమును వినుట మరచితిమి. సంస్థానసభలలోని శాస్త్రార్థమును దర్శనమని, ఆశ్రమములోని శాస్త్రార్థమును పాట అని పిలుచుటకు భాషాభేదము తప్ప వేరు హేతువు కనబడదు. కందార్థములు పాత నోటుపుస్తకములలో శిష్యుల ఇండ్లనున్నవి, అచ్చయినవి కొన్ని. వాటిని సేకరించువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. మంత్రము ఉపదేశించు ఘట్టము వ్రాతలో దొరకును. ఆ మంత్రమును గురువు తానే త్రోసివేయు ఘట్టము రహస్యబోధ. అది ఎక్కువగా నోటిమాటగానే నడచినది. పుస్తకమును మాత్రము తెచ్చుకొన్నవారు సిద్ధాంతములో సగమునే తెచ్చుకొన్నవారగుదురు. తక్కిన సగము కొరకు ఆ వృద్ధుల యెదుట కూర్చుండవలెను.